ర్యోట్, రయట్

ర్యోట్, రయట్ అనేవి నాలుగేసి అక్షరాల ఇంగ్లీషు మాటలు. మొదటిదాని అక్షరాలు ఆర్, వై, ఓ, టీ. రెండోదానివి ఆర్, ఐ, ఓ, టీ. మొదటిదానికి అర్థం రైతు. రెండోదానికి అర్థం అల్లర్లు, దొమ్మీ. చూపుకు తేడా అంతా రెండో అక్షరంలోనే ఉంది. చెవికి ఆ తేడా కూడా లేదు, నిఘంటువులు రెండింటికీ ఒకే ఉచ్చారణ ఇస్తాయి. అందుకే ఈ వ్యాసంలో వై ఉన్న మాటను ‘ర్యోట్’ అనీ, ఐ ఉన్న మాటను ‘రయట్’ అనీ రాస్తున్నాం. ఈ ఏర్పాటు కంటికి వేరు తెలియడానికే. పలికేటప్పుడు రెండూ ‘రయట్’ మాటలే.

ఈ జంటను నిజామాబాద్ జిల్లా ముప్కాల్ వైపు నుంచి చూడడానికి కారణం ఉంది. 2016లో జిల్లాల పునర్విభజనప్పుడు బాల్కొండ నుంచి విడిపోయి మండలమైన ఊరు ముప్కాల్. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆర్మూర్, బాల్కొండ దాటి నిర్మల్ దిక్కు పోతుంటే పోచంపాడుకు ముందు వస్తుంది. పక్కనే గోదావరి మీద శ్రీరాంసాగర్. ఆ ప్రాజెక్టుకు జవహర్‌లాల్ నెహ్రూ 1963 జూలై 26న శంకుస్థాపన చేశారు. వరద కాలువ గుండా కాళేశ్వరం నీళ్లను వెనక్కి ఎత్తిపోసి శ్రీరాంసాగర్‌ను నింపే పునరుజ్జీవ పథకంలో మూడో పంపుహౌస్ ముప్కాల్ దగ్గరే ఉంది. పసుపు, ఎర్రజొన్న, మొక్కజొన్న, వరి పండే నేల ఇది. ఈ పంటల గురించి, గిట్టుబాటు ధర గురించి, మంజీరా ఆయకట్టులో బోధన్ చెరకు గురించి ఇంగ్లీషు పత్రికల్లో వచ్చే శీర్షికల్లో ‘ర్యోట్స్’ అన్న మాట పదే పదే కనిపిస్తుంది. ఇదే రైతులు ధర కోసం రోడ్డెక్కిన రోజున పక్క వాక్యంలో రెండో మాట కూడా వచ్చే ప్రమాదం ఉంటుంది. సాగుచేసే మనిషి పేరుకు, శిక్షాస్మృతిలోని ఒక నేరం పేరుకు మధ్య ఒక్క అక్షరమే అడ్డుగా ఉండడం చిన్న సంగతి కాదు. ఈ రెండు మాటల వెనుక ఉన్న చరిత్ర తెలిస్తే ఆ అక్షరం విలువ తెలుస్తుంది.

మంద నుంచి రైతు దాకా

ర్యోట్ పుట్టుక ఇంగ్లీషుది కాదు. అరబ్బీలో ‘రఆ’ అంటే పశువులను మేపడం. దాన్నుంచి ‘రాయీ’, అంటే కాపరి. దాన్నుంచే ‘రఇయ్యత్’, అంటే మేతకు తోలిన మంద. ఏలేవాణ్ని కాపరిగా, ఏలుబడిలో ఉన్నవాళ్లను మందగా ఊహించే రాజనీతిలో ఈ మాట ప్రజలకు పేరైంది. ఒట్టోమన్ సామ్రాజ్యంలో ‘రెయాయా’ అంటే పన్నులు కట్టే సామాన్య జనం. పారశీకం మీదుగా భారతదేశానికి వచ్చేసరికి ఇంకో మలుపు తిరిగింది. ఇక్కడ సర్కారు రాబడిలో పెద్ద భాగం భూమి శిస్తు. శిస్తు కట్టే ప్రజ అంటే సాగుచేసేవాడే. అలా మొత్తం ప్రజలకు చెల్లిన మాట కాలక్రమంలో దుక్కి దున్నేవాడి మీద నిలిచింది.

అయితే అన్నిచోట్లా అలా జరగలేదు. ఇదే మాట సముద్రం దాటి మలయ్ భాషలో ‘రక్యత్’ అయింది. అక్కడ దాని అర్థం నేటికీ ప్రజలే. మలేసియా పార్లమెంటు దిగువసభ పేరు ‘దేవాన్ రక్యత్’, ప్రజల సభ. రబ్బరు తోటల కాలం నుంచి అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు వార్తల్లో రోజూ వినే ఆ మాట, ముప్కాల్ రైతు తన గురించి చెప్పుకునే మాట ఒకే వేరు నుంచి వచ్చినవి. నిజామాబాద్ జిల్లాకు సరిహద్దు దాటితే మరాఠీలో ‘రయత్’ రెండు అర్థాలనూ మోస్తుంది. కర్మవీర్ భావురావ్ పాటిల్ 1919లో స్థాపించిన రయత్ శిక్షణ సంస్థ పేరులో ఉన్నది బహుజన ప్రజ అన్న అర్థం. కన్నడంలో ‘రైత’ మన రైతే. హైదరాబాదు రాజ్యంలో మందుముల నర్సింగరావు నడిపిన ఉర్దూ పత్రిక పేరు ‘రయ్యత్’. నిజాం ఏలుబడిలో ఆ పేరు పెట్టడంలో ప్రజ, రైతు అనే రెండు అర్థాలూ పలికాయి. 1886లో వచ్చిన యూల్, బర్నెల్‌ల ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు కూడా ఈ సంగతి పట్టుకుంది. దేశీయులు ఆ మాటను ‘ప్రజ’ అనే అర్థంలో వాడతారనీ, ఆంగ్లో-ఇండియన్ వాడుకలో మాత్రం అది నేల సాగుచేసే మనిషికి పరిమితమైందనీ అది చెబుతుంది.

తెలుగులో రైతు అన్న మాట ఇప్పుడు ఎంత ఇంటి మాటంటే అది వలస వచ్చిందన్న సంగతే తోచదు. అంతకు ముందు నుంచీ ఉన్న మాట ‘కాపు’. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం మేలు. రఇయ్యత్ అంటే కాపలాలో ఉన్న మంద. కాపు మాట ‘కాచు’ నుంచి వచ్చింది, అంటే కాపాడేవాడు. ఒక భాష సాగుదారును ఏలికకు లోబడినవాడిగా చూసి పేరు పెట్టింది, ఇంకో భాష పంటను, నేలను కాచేవాడిగా చూసి పేరు పెట్టింది. ‘రైతే రాజు’ అని ఊరూరా గోడల మీద రాసుకునే మనం ‘ప్రజ’ అని అర్థమొచ్చే మాట పక్కన ‘రాజు’ను నిలిపాం. ఆ నినాదానికి మూలార్థంలో ఉన్న బలం మామూలుగా అనుకునేదానికన్నా ఎక్కువ.

వై ఎలా వచ్చింది

ఈస్టిండియా కంపెనీ గుమాస్తాలు పారశీక, హిందుస్తానీ మాటలను చెవికి తోచినట్టు రాసుకున్నారు. అందుకే పాత కాగితాల్లో ఈ మాటకు అనేక రూపాలు. తర్వాత లిప్యంతరీకరణను శాస్త్రీయం చేసే ప్రయత్నాలు జరిగినప్పుడు ‘రైయత్’ అని పలకడానికి వీలైన పొడవాటి రూపం ఒకటి వచ్చింది. 1885 బెంగాల్ టెనెన్సీ చట్టం దాన్నే వాడింది. బీహార్, జార్ఖండ్ భూమి చట్టాల్లో ఇప్పటికీ ఆ రూపమే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ మాత్రం వై ఉన్న నాలుగక్షరాల పొట్టి రూపాన్ని వదల్లేదు. 1908 మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టంలో ఉన్నది ఈ రూపమే. తెలుగు జిల్లాల్లో కోర్టు కాగితాలు, గెజిట్లు, పత్రికలు ఆ చట్టం వెంట నడిచాయి. బెంగాలీ రూపం మనకు స్థిరపడి ఉంటే ఈ వ్యాసానికి పనే ఉండేది కాదు, ఎందుకంటే ఆ రూపాన్ని చూసి అల్లర్లు అనుకునే అవకాశం ఎవరికీ లేదు.

ఈ మాటకు తోకలా వచ్చిన ‘రైత్వారీ’ తెలుగు చరిత్రలో బరువైన మాట. 1792లో టిప్పు సుల్తాన్ నుంచి కంపెనీకి దక్కిన బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద పనిచేసిన థామస్ మన్రో జమీందారు మధ్యవర్తిత్వం లేకుండా సాగుదారుతోనే శిస్తు ఒప్పందం చేసుకునే పద్ధతికి రూపమిచ్చారు. 1800లో నిజాం కంపెనీకి ధారాదత్తం చేసిన దత్తమండలాల్లో, అంటే నేటి రాయలసీమ ప్రాంతంలో, మన్రో 1807 దాకా పనిచేసి ఆ పద్ధతిని పెద్ద ఎత్తున నడిపారు. 1820లో మద్రాసు గవర్నరయ్యాక అది ప్రెసిడెన్సీ అంతటా విస్తరించింది. రైత్వారీలో ర్యోట్ అంటే సర్కారుకు నేరుగా శిస్తు కట్టే పట్టాదారు. జమీందారీ ప్రాంతాలకు వర్తించిన 1908 చట్టంలో ర్యోట్ అంటే భూస్వామికి కౌలు చెల్లించే షరతు మీద భూమి అనుభవించే సాగుదారు. ఒకే మాట కృష్ణా డెల్టాలో ఒక ఊళ్లో సర్కారు ఎదుట నిలబడ్డవాణ్ని సూచిస్తే, పక్క జమీందారీ ఊళ్లో జమీందారు ఎదుట నిలబడ్డవాణ్ని సూచించింది. పాత దస్తావేజులు చదివేటప్పుడు ఇది మరిచిపోతే అర్థం తారుమారవుతుంది.

నిజామాబాద్ వైపు కథ వేరు. అప్పటి ఇందూరు హైదరాబాదు రాజ్యంలోది. దివాను మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ తెచ్చి రెవెన్యూ పాలనను జిల్లాల వారీగా దిద్దారు. తర్వాత సర్కారు నేరుగా ఏలే దివానీ భూముల్లో సర్వే, సెటిల్‌మెంటుతో రైత్వారీ పద్ధతి వచ్చింది. జాగీర్లు, సంస్థానాలు ఆ కొలతకు బయట ఉండిపోయాయి. జాగీర్లు రద్దయింది 1949లో. ఇక్కడి రెవెన్యూ భాష ఉర్దూ గనుక మనుషుల హోదాలకు కచ్చితమైన ఉర్దూ మాటలుండేవి. పట్టా ఉన్నవాడు పట్టాదారు. అతని కింద కౌలుకు చేసేవాడు అసామీ షిక్మీ. 1950 హైదరాబాదు కౌల్దారీ చట్టం రక్షిత కౌలుదారు అనే హోదాను చేర్చింది. ఇంగ్లీషు పత్రిక వీళ్లందరినీ ‘ర్యోట్స్’ అనే ఒక్క గంపలో వేస్తుంది. తెలంగాణ పల్లెల్లో కాస్తు చేసేవాడు, ఎవుసం చేసేవాడు అంటే భూమి ఎవరిదైనా సరే, నాగలి పట్టినవాడే. 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారు పాస్‌పుస్తకం ఉన్నవాళ్లకే అందిందని, కౌలు రైతులకు అందలేదని తెలిసినవాళ్లకు ఈ రెండు అర్థాల మధ్య దూరం ఎంతో వేరుగా చెప్పక్కర్లేదు.

రైతుబంధు ప్రస్తావన వచ్చింది గనుక మూడో స్పెల్లింగు గురించి కూడా చెప్పాలి. 1999లో మొదలైన రైతుబజార్లు, ఆ తర్వాత రైతుబంధు, రైతుభరోసా వంటి పథకాల పేర్లను ప్రభుత్వాలు ఇంగ్లీషులో రాసేటప్పుడు తెలుగు పలుకుబడికి దగ్గరగా ఆర్, వై, టీ, హెచ్, యూ అని ఐదక్షరాలతో రాస్తున్నాయి. ఇందులో పాత ర్యోట్ నుంచి మిగిలినవి ఆర్, వై, టీ. దీన్ని ఎవరూ అల్లర్లుగా చదవలేరు. నా దృష్టిలో ఇది మంచి మార్పు. తెలుగు నోరు పలికేదాన్ని పలికినట్టే రాయడం వల్ల రైతుకు తన పేరు దక్కింది.

రయట్ నడక

రయట్ పాత ఫ్రెంచిలోని ‘రియోత్’ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం జగడం, వాదులాట. తెలంగాణ మాటల్లో చెప్పాలంటే ‘లొల్లి’కి దగ్గర. ఫ్రెంచిలోకి అది ఎక్కడి నుంచి వచ్చిందో భాషావేత్తలు తేల్చలేదు. ఇంగ్లీషులోకి రాగానే దానికి పట్టిన మొదటి అర్థం నేడు చాలామందికి తెలియదు. హద్దుల్లేని విలాసం, తాగి తందనాలాడడం, డబ్బు దుబారా చేయడం అప్పటి అర్థం. 1611 కింగ్ జేమ్స్ బైబిల్లో తప్పిపోయిన కుమారుడు ఆస్తి తగలేసిన తీరును ఈ మాట విశేషణ రూపంతోనే చెప్పారు. అక్కడ కొట్లాట అర్థం వెతికితే దొరకదు. వేటకుక్కలు పట్టవలసిన జంతువు వాసన వదిలి వేరేదాని వెంట పడడాన్ని కూడా వేటగాళ్లు ఈ మాటతోనే అనేవారు. అదుపు తప్పడమనే అర్థంలో వాడే ‘రన్ రయట్’ అనే నుడికారం అక్కడిదే. పూలతోటను రంగుల రయట్ అని వర్ణిస్తే అందులో హింస ఏమీ లేదు, పట్టలేనంత సమృద్ధి ఉంది.

గుంపు చేసే హింస అన్న అర్థం మధ్యయుగాల చివరికే ఇంగ్లీషు చట్టంలో కుదురుకుంది. 1715 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన రయట్ చట్టం ప్రకారం పన్నెండుమంది లేదా అంతకు మించి జనం అల్లరిగా గుమిగూడితే మేజిస్ట్రేటు ఒక ప్రకటన చదివి వినిపించాలి. గంటలోగా చెదిరిపోకపోతే అది మరణశిక్ష పడే నేరం. ఆ చట్టం పోయింది కానీ, ఎవరినైనా గట్టిగా మందలించడాన్ని ‘రయట్ చట్టం చదవడం’ అనే నానుడి ఇంగ్లీషులో మిగిలింది.

భారత చట్టంలో సంఖ్య అయిదుకు తగ్గింది. 1860 శిక్షాస్మృతి 141వ సెక్షను చట్టవిరుద్ధ సమావేశానికి కనీసం అయిదుగురు ఉండాలంది. 146వ సెక్షను రయట్‌ను నిర్వచించింది. అలాంటి సమావేశంలో ఎవరైనా ఉమ్మడి ఉద్దేశం కోసం బలప్రయోగమో హింసో చేస్తే అందులోని ప్రతి ఒక్కరూ ఆ నేరం చేసినట్టే. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఇవి 189, 191 సెక్షన్లయ్యాయి. మామూలు దొమ్మీకి గరిష్ఠ శిక్ష రెండేళ్ల జైలు. ఇక్కడ పట్టుకోవలసిన ముక్క హింస. ఎంతమంది కూడినా, ఎంత గట్టిగా నినాదాలిచ్చినా, బలప్రయోగం, హింస లేకపోతే రయట్ లేదు. రోడ్డుకు అడ్డంగా కూర్చోవడం ఇంకేదైనా నిబంధన కిందికి రావచ్చు, నిషేధాజ్ఞల ఉల్లంఘన కావచ్చు. అవి వేరు, దొమ్మీ వేరు.

తెలుగులో, ఉర్దూలో ఈ రెండు భావాలకు పొంతన లేని మాటలున్నాయి. రైతు ఎక్కడ, దొమ్మీ ఎక్కడ? ఉర్దూ శిక్షాస్మృతిలో రయట్‌కు మాట ‘బల్వా’, వీధిలో మాట ‘దంగా’. రయ్యత్‌ను, బల్వాను ఒకటిగా చదివే గుమాస్తా నిజాం కచేరీల్లో పుట్టడు. ఈ పొరపాటుకు చోటిచ్చింది ఇంగ్లీషు లిపి ఒక్కటే. అది కూడా యాదృచ్ఛికంగా. అరబ్బీ మేతభూమి నుంచి ఒకటి, ఫ్రెంచి జగడం నుంచి ఒకటి నడిచి వచ్చి నాలుగక్షరాల దగ్గర ఎదురుపడ్డాయి. రెండింటికీ చుట్టరికం లేదు. పేట్రియట్, చారియట్ మాటల చివర ఉన్న నాలుగక్షరాలు కూడా ఇలాంటివే. దేశభక్తుడికి గాని రథానికి గాని అల్లర్లతో ఏ వరసా లేదు.

ఒకే నివేదికలో రెండు మాటలు

ఈ రెండు మాటలు చరిత్రలో నిజంగా ఒకే కాగితం మీద కలుసుకున్న సందర్భం 1875 దక్కన్‌ది. పుణె జిల్లా భీంథడి తాలూకాలో సుపా అనే సంత ఊరు. 1875 మే 12న చుట్టుపక్కల రైతులు అక్కడికి చేరి షావుకార్ల ఇళ్ల మీద, దుకాణాల మీద పడ్డారు. వాళ్లు ముఖ్యంగా వెతికింది ధాన్యం కోసమో నగల కోసమో కాదు. అప్పు పత్రాల కోసం, లెక్కల పుస్తకాల కోసం. దొరికినవి నడివీధిలో తగలబెట్టారు. ఆ మంట అహ్మద్‌నగర్ జిల్లాకూ పాకింది. పత్రాలిచ్చేసిన చోట మనుషులకు హాని తక్కువే జరిగింది.

వెనుక కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. అమెరికా అంతర్యుద్ధం జరిగిన 1861-65 మధ్య ఇంగ్లండు మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయి దక్కన్ పత్తికి గిరాకీ పెరిగింది. అప్పులు ధారాళంగా పుట్టాయి. యుద్ధం ముగిసి అమెరికా పత్తి తిరిగి రాగానే ధర పడింది, అప్పు మిగిలింది. అదే సమయంలో శిస్తు సవరణలో భారం పెరిగింది. బాకీ దావాకు మూడేళ్ల గడువు పెట్టిన 1859 కాలపరిమితి చట్టం రైతుకు మేలు చేయాల్సింది పోయి, షావుకారు మూడేళ్లకోసారి వడ్డీని అసలులో కలిపి కొత్త పత్రం రాయించుకోవడానికి సాకైంది. ఇదంతా బొంబాయి ప్రెసిడెన్సీ రైత్వారీ ప్రాంతంలో జరిగింది. అంటే ఆ మనుషులు పత్రాల ప్రకారం పక్కా ర్యోట్లు.

ప్రభుత్వం కమిషన్ వేసింది. దాని పేరు దక్కన్ రయట్స్ కమిషన్. నివేదిక 1878లో బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వెళ్లింది. శీర్షికలో ఐ ఉన్న మాట, లోపల విచారణ అంతా వై ఉన్న మాట గురించి. కమిషన్ శిస్తు భారాన్ని కారణంగా ఒప్పుకోలేదు, తప్పంతా వడ్డీ వ్యాపారుల మీద వేసింది. 1879లో దక్కన్ వ్యవసాయదారుల ఉపశమన చట్టం వచ్చింది. మన చరిత్ర పుస్తకాల్లో ఈ ఘటనను ఒకచోట ‘దక్కన్ అల్లర్లు’ అనీ, ఇంకోచోట ‘దక్కన్ రైతుల తిరుగుబాటు’ అనీ చూస్తాం. మొదటిది కమిషన్ పేరుకు అనువాదం. రెండోది కమిషన్ ఎదుట నిలబడ్డవాళ్ల వైపు నుంచి పెట్టిన పేరు. విద్యార్థి రెండూ ఒకటేనని తెలుసుకోవాలి, రెండు పేర్లూ ఎవరి చూపో కూడా తెలుసుకోవాలి. ఆ రోజు హింస జరిగింది గనుక చట్టం భాషలో అది రయట్ అనడం తప్పు కాదు. కానీ ఆ ఒక్క మాటతో ఆపితే పత్తి ధర, వడ్డీ, శిస్తు అన్నీ కంటికి కనబడకుండా పోతాయి.

పసుపు రైతుల 2019

దక్కన్ ఉదాహరణకు ఎదురుగా పెట్టదగినది ఆర్మూర్, బాల్కొండ ప్రాంతానిదే. 2019 ఫిబ్రవరిలో పసుపు, ఎర్రజొన్న రైతులు ఆర్మూర్ దగ్గర జాతీయ రహదారుల మీద రాస్తారోకోలు చేశారు. పసుపుకు క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ఇప్పించాలని, పసుపు బోర్డు పెట్టాలని అడిగారు. నిషేధాజ్ఞలు వచ్చాయి. ఆ తర్వాత వాళ్లు చేసిన పని ఎన్నికల చరిత్రలో నిలిచిపోయింది. లోక్‌సభ ఎన్నికకు నామినేషన్లు వేశారు. నిజామాబాద్ నియోజకవర్గంలో బరిలో మిగిలిన అభ్యర్థులు 185 మంది. వాళ్లలో 178 మంది రైతులు. సాధారణ అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్ 25,000 రూపాయలు, పోలైన ఓట్లలో ఆరో వంతు రాకపోతే అది పోతుందని తెలిసే కట్టారు.

ఓటింగ్ యంత్రం ఒక్కో బ్యాలెట్ యూనిట్ మీద పదహారు పేర్లే పడతాయి. 185 పేర్లకు, నోటాకు కలిపి పన్నెండు యూనిట్లు కావాలి. 2019 ఏప్రిల్ 11న ప్రతి పోలింగ్ కేంద్రంలో పన్నెండేసి యూనిట్లు వరసగా పేర్చి పోలింగ్ జరిపారు. పాత రకం యంత్రాలతో 64 పేర్లకు మించి కుదరదు గనుక ఎం-3 రకం యంత్రాలు తెప్పించారు. తెలుగు నేల మీద ఇలాంటిది మొదటిసారి కాదు. 1996లో నల్లగొండలో ఫ్లోరైడ్ నీటి బాధను దేశానికి చెప్పడానికి 480 మంది పోటీ చేశారు, బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ ఏడాదే డిపాజిట్‌ను పెంచుతూ చట్టం మారింది. అంత పెరిగిన డిపాజిట్ కూడా నిజామాబాద్ రైతులను ఆపలేకపోయింది.

ఆ నెలల్లో ఇంగ్లీషు పత్రికల శీర్షికల్లో వై ఉన్న మాట ఎన్నోసార్లు అచ్చయింది. అచ్చులో ఆ వై జారి ఐ పడి ఉంటే 178 మంది అభ్యర్థులు 178 దొమ్మీలయ్యేవి. వందలమంది సాగుదారులు రాజ్యాంగమిచ్చిన అతి శాంతియుతమైన పనిముట్టును చేతబట్టిన సందర్భమది. రయట్‌కు దాన్ని మించిన వ్యతిరేకపదం దొరకదు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది.

చెరకు వైపు కూడా ఈ మాట వాడుక ఎక్కువే. మంజీరా మీద 1923-31 మధ్య కట్టిన నిజాంసాగర్ నీళ్లను ఆధారం చేసుకుని 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. 2015 డిసెంబరులో అది మూతపడ్డాక ‘కేన్ ర్యోట్స్’ అంటూ వచ్చిన వార్తలన్నీ బకాయిలు, పునఃప్రారంభం, గానుగకు చెరకు ఎక్కడికి తోలాలి అన్నవాటి చుట్టూ తిరిగాయి. ఇక్కడ ‘కేన్’ అంటే చెరకు. అదే మాటకు ఇంగ్లీషులో బెత్తం అని కూడా అర్థముంది గనుక తర్వాతి మాట స్పెల్లింగు తప్పితే వాక్యం లాఠీల కథగా మారిపోతుంది.

వాడుకలో పట్టుకోవడం

వాక్యంలో ఏది ఏదో పోల్చుకోవడానికి స్పెల్లింగు మీదే ఆధారపడనక్కర్లేదు. ర్యోట్ మనిషి. అందువల్ల అతను విత్తుతాడు, అడుగుతాడు, నష్టపోతాడు. ముందు పంట పేరో ఊరి పేరో ఉంటుంది. రయట్ సంఘటన. అది చెలరేగుతుంది, పాకుతుంది, అణగుతుంది, ముందు తేదీనో కారణమో ఉంటుంది. రయట్‌కు క్రియారూపం ఉంది, ర్యోట్‌కు లేదు. రయట్ చేసేవాణ్ని చెప్పాలంటే చివర ‘అర్’ చేర్చి ‘రయటర్’ అనాలి. ర్యోట్‌కు అలాంటి చేర్పు అక్కర్లేదు, అది అప్పటికే మనిషి పేరు. ‘వారీ’ చేరితే అది తప్పకుండా వై మాటే. పోలీసు, కవచం, చట్టం అనే మాటలు వెనక చేరితే తప్పకుండా ఐ మాటే. వినేటప్పుడు ఈ ఆనవాళ్లే దిక్కు, ఎందుకంటే రేడియోలో గాని సభలో గాని వై, ఐలు వినబడవు.

ఇంగ్లండులో, అమెరికాలో చదువుకున్నవాళ్లకు ర్యోట్ దాదాపు తెలియని మాట. పెద్ద నిఘంటువులు దాన్ని భారతదేశపు వాడుకగా గుర్తించి ఇస్తాయి. హైదరాబాదు, విజయవాడల ఇంగ్లీషు పత్రికల్లో అది బతికి ఉండడానికి ఒక కారణం పాత రెవెన్యూ భాష అలవాటు, ఇంకో కారణం శీర్షికలో చోటు. ‘ఫార్మర్’కు ఇంగ్లీషులో ఆరక్షరాలు పడతాయి, దీనికి నాలుగు చాలు. ఇరుకు శీర్షిక రాసే ఉపసంపాదకుడికి ఆ రెండక్షరాలు ఎంతో విలువైనవి. వార్త లోపలికి వెళ్తే అదే పత్రిక ‘ఫార్మర్’ అనే రాస్తుంది. పరదేశపు పాఠకుడి కోసం రాసేటప్పుడు ‘ఫార్మర్’ వాడడం మంచిది. భూమి చట్టాల గురించి, రైత్వారీ గురించి, పాత తీర్పుల గురించి రాసేటప్పుడు ర్యోట్‌ను మార్చకూడదు. అక్కడ అది ఒక హక్కుకు పేరు, మార్చితే ఆ హక్కు ఎవరిదో తెలియకుండా పోతుంది.